భూమిలో దొరికింది ఎవరిది?

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ మధ్య మన పిల్లల ఫోన్లలో ఒక రకం వీడియోలు ఎక్కువ కనబడుతున్నాయి. ఒకాయన చేను మధ్యలో మెటల్ డిటెక్టర్ పట్టుకొని నడుస్తుంటాడు. అది కూత పెట్టగానే తవ్వుతాడు, పాత నాణేలు బయటపడతాయి. చూసినవాళ్లకు మనమూ ఒకటి కొంటే బాగుండు అనిపిస్తుంది. అందుకే ఇవాళ ఈ ముచ్చట ఎత్తుకున్నాను.

ముందు ఆ యంత్రం సంగతి చెప్తాను. దాని అడుగున ఒక తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు పారినప్పుడు చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కింద లోహం ఉంటే ఆ క్షేత్రంలో తేడా వస్తుంది, యంత్రం కూస్తుంది. అది బంగారమా, సీసా మూతా, నాగలి మేకా అన్నది కచ్చితంగా చెప్పలేదు. చిన్న నాణెమైతే జానెడు లోతు దాటితే పట్టుకోవడమే కష్టం. 'పది గజాల లోతులో ఉన్న నిధి చూపిస్తా' అని ఎవరైనా తండాకు వచ్చి డబ్బులు అడిగితే, అతను నిధి వెతకడం లేదు, మీ జేబు వెతుకుతున్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2024 మార్చి 29న సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో మన రాష్ట్ర వారసత్వ శాఖవాళ్లు తవ్వుతుంటే, రెండడుగుల లోతులో ఒక మట్టికుండ దొరికింది. అందులో 3,730 సీసపు నాణేలున్నాయి. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలానివని తేల్చారు. ఒక్కో నాణెం సగటున 2.3 గ్రాములు. లెక్క వేయండి, మొత్తం ఎనిమిదిన్నర కిలోల సీసం. పాత ఇనుప సామాను కొట్టులో తూకం వేస్తే ఏమంత డబ్బు రాదు. కానీ ఆ కుండ ఏ గోడ పక్కన, ఎంత లోతులో, ఏ వస్తువులతో కలిసి ఉందో రాసుకున్నారు కాబట్టి అది చరిత్ర అయింది. రాత్రిపూట ఎవరో దొంగతనంగా తవ్వి పట్టుకుపోయి ఉంటే? నాణేలు మిగిలేవి, వాటి కథ పోయేది.

చరిత్రకు మేలు చేయాలంటే పెద్ద ఆఫీసరే కానక్కర్లేదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో నేల మీద కనబడ్డ నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ గారు ఓపికగా ఏరి దాచారు. వాటిని శాసన పండితులు పి.వి. పరబ్రహ్మ శాస్త్రి గారికి చూపించారు. శాతవాహనుల మొదటి రాజు శ్రీముఖుడి నాణేలు, ఆయనకంటే ముందు పాలించినవాళ్ల నాణేలు అట్లా వెలుగులోకి వచ్చాయి. దొరికినదాన్ని దాచుకోకుండా తెలిసినవాళ్లకు చూపించడం వల్ల తెలంగాణ చరిత్ర కొన్ని తరాలు వెనక్కి వెళ్లింది.

ఇంగ్లండులో ఒక ముచ్చట జరిగింది. 1992లో హాక్స్‌నే అనే ఊళ్లో ఒక రైతు సుత్తి చేనులో పోయింది. వెతికిపెట్టమని డిటెక్టర్ ఉన్న స్నేహితుణ్ణి పిలిచాడు. సుత్తికి బదులు రోమన్ల కాలపు బంగారు, వెండి నాణేలు కనబడ్డాయి. కొన్ని తీయగానే వాళ్లు తవ్వడం ఆపి కబురు చేశారు. పురావస్తు శాఖవాళ్లు వచ్చి పద్ధతి ప్రకారం తవ్వితే దాదాపు 15 వేల నాణేలు తేలాయి. తర్వాత సుత్తి కూడా దొరికింది! అది కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. దొరికించినాయనకు పెద్ద బహుమానం వచ్చింది, రైతుతో పంచుకున్నాడు. వాళ్ల గొప్పతనం తవ్వడంలో లేదు, ఆపడంలో ఉంది.

మన దగ్గర చట్టం ఏమంటుంది? 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పది రూపాయల విలువ మించిన నిధి భూమిలో దొరికితే, ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అని కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, పైగా వచ్చే వాటా కూడా పోతుంది. అందులో మన హక్కు కూడా ఉందని చాలామందికి తెలియదు. సొంతదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికించినవారికి ముప్పాతిక, భూమి యజమానికి పాతిక. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. అంటే ఎదుటివాడి చేనులో కూలికి పోయిన మనిషికి దొరికినా చట్టంలో అతని వాటా ఉంది. ఈ మాట తెలియకనే భయపడి దాచి, ఎవరికో అగ్గువకు అమ్మి, చివరికి కేసులో ఇరుక్కునేది పేదోడే. ఇక రక్షిత కోటలు, గుళ్ల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం నేరం.

ఇది మనకు ఇప్పుడే ఎందుకు అవసరం? కందుకూరు, యాచారం, కడ్తాల్ మండలాల్లో నేల రూపమే మారుతోంది. ముచ్చర్ల, మీర్‌ఖాన్‌పేట వైపు చూడండి. రోడ్లు, వెంచర్లు, జేసీబీలు. తరతరాలుగా నాగలి తాకినంత లోతే తెలిసిన భూమి ఇప్పుడు నిలువునా తెగుతోంది. ఆ మిషన్ల దగ్గర పనికి పోయేది మన పిల్లలే. కుండపెంకు, పూస, నాణెం మొదట కనబడేది మీకే. కనబడితే పని ఆపించండి. ఉన్నచోటే ఫోటో తీయండి. సర్వే నంబరు, లోతు, తేదీ రాసుకోండి. చింతపండుతో గానీ ఆసిడ్‌తో గానీ తోమవద్దు, అక్షరాలు చెరిగిపోతాయి. తహసీల్దారుకు కాగితం ఇచ్చి రశీదు తీసుకోండి.

చివరిగా ఒక మాట. ఏ యంత్రమూ అక్కర్లేని నిధి మన ఇళ్లలోనే ఉంది. మన నానమ్మల కాంచళి మీద కుట్టిన బిళ్లలు, మెడలోని రూపాయల హారం చూడండి. వాటిలో విక్టోరియా బొమ్మ ఉండొచ్చు, చార్మినార్ ఉన్న నిజాం హాలీ సిక్కా ఉండొచ్చు. మనవాళ్లు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కన్ అంతా తిరిగారు. మనకు రాజుల శాసనాలు లేవు, ఆ బిళ్లలే మన శాసనాలు. ఇవాళ వాటిని వెండి ధరకు కరిగిస్తున్నారు. ఈ వారం ఇంటికి పోయి ఆ హారం రెండువైపులా ఫోటో తీయండి. అది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో నానమ్మను అడిగి రాయండి. ఆమె ఉన్నప్పుడే అడగండి. నాణెం నేలలో వెయ్యేళ్లు ఆగుతుంది, నానమ్మ జ్ఞాపకం ఆగదు.

సెలవు.