ధర్మమైన బట్టల బేరము

వ్యాపారము, ధర్మము ఒకచోట నిలువవను మాట లోకములో పాతుకొనిపోయినది. అయినను, నేసినవారికి అన్యాయము, నేలకు చేటు కలుగని బట్టలనే అమ్మవలెనను కోరికతో చిన్న దుకాణములు తెరచు యువతీయువకులు నేడు కనబడుచున్నారు. అట్టివారికి ఉపయోగపడునని తోచిన నాలుగు మాటలు చెప్పదలచితిమి.

2013 ఏప్రిల్ 24వ తేదీన బంగ్లాదేశములో, ఢాకా చేరువ, రాణా ప్లాజా అను భవనము కూలి 1,100 మందికి పైగా మరణించిరి. వారిలో అధికులు పరదేశపు కంపెనీలకు దుస్తులు కుట్టు కార్మికులు. శిథిలములలో దొరకిన దుస్తులపై పేరులు చూచిన తరువాతనే కొన్ని కంపెనీల సరకు అక్కడ తయారగుచుండెనని లోకమునకు తెలిసినది. చేసినవారెవరో తెలియని సరకు అమ్మరాదనునది దీనినుండి మనము నేర్వవలసిన మొదటి పాఠము.

తెలుగునాట ఇది కష్టము కాదు. మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, పోచంపల్లి, నారాయణపేట, గద్వాల మొదలగు మగ్గముల ఊళ్లకు బస్సులోనే పోయి రావచ్చును. మొదట ఒక్క ఊరిని, ఒకటి రెండు రకములను ఎన్నుకొని, మగ్గము కడకు పోయి పని చూడవలెను. పోచంపల్లి చీరకు నూలును అక్కడక్కడ గట్టిగా కట్టి, రంగులో ముంచి, ఆ పిమ్మట నేయుదురు. కాబట్టి పూవు రెండువైపులను ఒకే తీరున కనబడును. అచ్చు వేసిన నకలు చీర సాధారణముగా వెనుకవైపు వెలవెలబోవును. ఈ తేడా అమ్మువారికే తెలియనిచో కొనువారికి ఎవరు చెప్పగలరు? కొన్ని రకముల బట్టలను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో చట్టము చేసిరి; 2006లో హ్యాండ్లూమ్ మార్కు అను ముద్రను ప్రవేశపెట్టిరి. అయినను మరమగ్గపు చీరలు చేనేత పేరిట అమ్ముడగుచునే యున్నవి.

ఇక వెల సంగతి. దుకాణములో ఎంత పలుకునో ముందు నిర్ణయించి, ఖర్చును లాభమును తీసివేయగా మిగిలినది నేతగానికి ఇచ్చుట పలుచోట్ల వాడుక. మనము లెక్కను మగ్గమునుండి మొదలుపెట్టుదము. ఒక నూలు చీరకు నూలు, రంగుల ఖర్చు 800 రూపాయలనుకొందము. నేతకు మూడు దినములు, దినమునకు 600 చొప్పున 1,800. కండెలు చుట్టి, పడుగు సిద్ధపరచు ఇంటి ఆడవారి పనికి 300. వెరసి 2,900. అద్దె, రవాణా, మన జీవనము నిమిత్తము 1,100 కలుపగా వెల 4,000. అంకెలు ఊరినిబట్టి మారవచ్చును. లెక్క నడచు వరుస మారరాదు. నేత కుటుంబములలో దాదాపు మూడింట రెండు వంతులవారి నెలసరి రాబడి 5,000 రూపాయల లోపేనని 2019–20 చేనేత గణనలో తేలినది. కండెలు చుట్టు చేతులను లెక్కలో చేర్చకపోవుటయు ఈ దుస్థితిలో ఒక భాగమే.

సరకు చేతికి వచ్చిననాడే రొక్కము చెల్లింపవలెను. అమ్మిన పిమ్మట ఇత్తుమనినచో, మన వ్యాపారమునకు నేతగాడు పెట్టుబడి పెట్టినట్లగును. సొమ్ము ఇరువది చీరలకే చాలినచో ఇరువదియే తేవలెను. వానకాలమున గుంటమగ్గములలో నీరు చేరి పని నిలుచును. కనుక పండుగ సరకును రెండు మూడు నెలల ముందే చెప్పి, బయానా ఇచ్చుట మేలు.

రంగుల విషయమున మాట పొదుపుగా వాడవలెను. పెడన కలంకారీలో కరక్కాయ, పటిక, బెల్లపునీట నానిన ఇనుము మొదలగువాని సాయమున రంగులు పట్టింతురు. కలంకారీ పేరిట రసాయనపు రంగుల అచ్చుబట్టయు అంగళ్లలో కలదు. ప్రకృతి రంగులకును కట్టెలు, నీరు మెండుగా కావలెను. కాబట్టి ఏ హానియు లేదని చాటుట కన్న, రంగు ఏది, అద్దిన ఊరు ఏది, ఎట్లు ఉతుకవలెను అను సంగతులను చీటీపై వ్రాసి బట్టకు కట్టుట మర్యాద. నేతకూలి ఎంతయో కూడ ఆ చీటీపైననే వ్రాయవచ్చును.

కొనువారు బేరమాడక మానరు. తగ్గింపవలసి వచ్చినచో మన లాభములో తగ్గింపవలెను గాని కూలిలో కాదు. శ్రోతలకు మా మనవి ఒక్కటే: మీ వీధిలో ఇట్టి దుకాణము వెలసినచో, వెల అడుగుటకు ముందు “ఇది ఎవరు నేసిరి?” అని అడుగుడు. జవాబు చెప్పగల దుకాణమునకు ఆ ప్రశ్నయే అండ.