నాలుగు మోటార్లకూ ఒకే సున్నా

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభల్లో, విద్యార్థుల కోసం ఏర్పాటు చేసిన కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం



డ్రోన్ల భవిష్యత్తు గురించి మాట్లాడమని సంఘం వారు అడిగారు. భవిష్యత్తు చెప్పేంత వాణ్ని కాదు. ఇంట్లో తయారు చేసుకునే డ్రోన్‌లో ఒక చిన్న పని గురించి మాత్రం చెబుతాను. దాన్ని ఈఎస్‌సీ కాలిబ్రేషన్ అంటారు. పని చిన్నదే, పావుగంట పట్టదు. ఎందుకు చేస్తున్నామో తెలియకుండా చేస్తే మాత్రం వేళ్లు తెగుతాయి. మన సంఘం ఈ ఏడాది బడికి డ్రోన్ సామాను కొనివ్వాలనుకుంటోంది కనుక ఈ మాట ముందే చెప్పడం మంచిది.

ముందు సామాను చూద్దాం. నాలుగు చేతుల ఫ్రేము, నాలుగు మోటార్లు, నాలుగు ప్రొపెల్లర్లు, ఒక లిథియం పాలిమర్ బ్యాటరీ. మధ్యలో ఫ్లైట్ కంట్రోలర్ అనే బోర్డు. మన చేతిలో రేడియో ట్రాన్స్‌మిటర్, డ్రోన్ మీద దాని రిసీవర్. ఇక బోర్డుకూ ఒక్కో మోటారుకూ మధ్య వేలెడంత పరికరం ఒకటి ఉంటుంది. అదే ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్. ఈఎస్‌సీ అని పిలుస్తారు. మోటారుకు మూడు తీగలుంటాయి. బ్యాటరీ కరెంటును ఆ మూడింటి మీదా వంతులవారీగా, చాలా వేగంగా మార్చి మార్చి పంపడం దాని పని. మోటారు తిరిగేది అందువల్లే.

ఎంత వేగంగా తిప్పాలో దానికెలా తెలుస్తుంది? బోర్డు చిన్న చిన్న విద్యుత్ పల్స్‌లు పంపుతుంది. పల్స్ 1000 మైక్రోసెకన్లు ఉంటే ఆగమని, 2000 ఉంటే పూర్తి వేగమని, 1500 ఉంటే సగమని అర్థం. ఈఎస్‌సీ ఆ పల్స్ ఎంతసేపు ఉందో కొలిచి మోటారును నడుపుతుంది. అంటే అది కొలిచే పరికరం కూడా. కొలిచే ప్రతి పరికరానికీ ఉండే జబ్బే దీనికీ ఉంది.

ఆ జబ్బు మన బ్యాచ్‌ల వాళ్లందరికీ తెలుసు. స్క్రూగేజీ పాఠం గుర్తు చేసుకోండి. మధ్యలో ఏమీ పెట్టకుండా బిగించినప్పుడు తల స్కేలు మీది సున్నా సూచీరేఖతో కలవకపోతే శూన్యాంశ దోషం అని రాసుకునేవాళ్లం. ఆ దోషం తీసేయకుండా తీగ మందం ఎంత జాగ్రత్తగా కొలిచినా మార్కులు పడేవి కావు. ఈఎస్‌సీలో ఆ స్కేలు అందులోని చిన్న గడియారం. చవక రకాల్లో అది కచ్చితంగా నడవదు. నూటికి ఒక పాలు తేడాగా నడిచిందనుకోండి, 1500 మైక్రోసెకన్ల దగ్గర 15 మైక్రోసెకన్ల తేడా వస్తుంది. ఒక ఈఎస్‌సీ అటు, ఇంకొకటి ఇటు తప్పితే ఒకే ఆజ్ఞకు రెండు మోటార్లు రెండు రకాలుగా కదులుతాయి.

పంపేవాడి వైపు కూడా తేడా ఉండవచ్చు. కొన్ని ట్రాన్స్‌మిటర్లు థ్రాటిల్ స్టిక్ పూర్తిగా దించితే 1100, పూర్తిగా లేపితే 1900 పంపుతాయి. 1000 అంటేనే ఆగడం అనుకుంటున్న ఈఎస్‌సీకి 1100 వస్తే, ఎవరో ముందే వేగం పెంచి ఉంచారని అనుమానించి మోటారు తిప్పకుండా బీప్ బీప్ అంటూ కూర్చుంటుంది. అటు చివర 1900 దగ్గర, పూర్తి వేగం అడిగినా తొంభై శాతమే ఇస్తుంది.

దేవుడి పల్లకి మోసే నలుగురిని చూసే ఉంటారు. నలుగురూ బలవంతులే కావచ్చు. 'లేపండి' అన్న మాటకు ముగ్గురు ఒక్కసారి లేచి, నాలుగోవాడు ఒక క్షణం ఆలస్యంగా లేస్తే పల్లకి ఆ మూలకు ఒరుగుతుంది. డ్రోన్ నేల వదిలే క్షణంలో జరిగేది అదే. గాలిలోకి వెళ్లాక ఫ్లైట్ కంట్రోలర్ తనలోని గైరోస్కోపుతో ఒరుగును కనిపెట్టి దిద్దుకుంటుంది. కానీ ఆ దిద్దుబాటుకు మోటారు శక్తిలో కొంత ఖర్చవుతుంది. పెద్ద గాలి వీచినప్పుడు వాడుకోవడానికి మిగలాల్సినది ముందే కొంత అయిపోతుంది.

కాలిబ్రేషన్ అంటే నాలుగు ఈఎస్‌సీలకూ ఒకే సున్నా, ఒకే నూరు నేర్పడం. స్క్రూగేజీకి దోషం రాసుకుని తర్వాత తీసేస్తాం. ఇక్కడ పరికరానికే కొత్త సున్నా నేర్పుతాం.

ఇప్పుడు పద్ధతి. మొదటి పని, ప్రొపెల్లర్లు నాలుగూ విప్పి పక్క గదిలో పెట్టడం. బల్ల మీద కూడా ఉంచవద్దు. కారణం చెబుతాను. ఇళ్లలో కట్టే డ్రోన్లకు 920 కేవీ మోటార్లు ఎక్కువగా వాడతారు. ఇక్కడ కేవీ అంటే కిలోవోల్టు కాదు పిల్లలూ, ఒక వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు అన్న లెక్క. 11.1 వోల్టుల బ్యాటరీ పెడితే బరువేమీ లేకుండా నిమిషానికి పదివేల చుట్లు దాటుతాయి. పది అంగుళాల ప్రొపెల్లర్ 7,000 చుట్లే తిరిగినా దాని అంచు వేగం గంటకు సుమారు 335 కిలోమీటర్లు. పైగా ఈ పనిలో మనం థ్రాటిల్‌ను పూర్తిగా పైకి లేపి బ్యాటరీ తగిలిస్తాం. అడుగు తప్పితే నాలుగు మోటార్లూ పూర్తి వేగంతో లేస్తాయి. ప్రొపెల్లర్ లేకపోతే గోలే మిగులుతుంది, ఉంటే ఆసుపత్రి.

తర్వాత కంప్యూటర్ తీగ తీసేయాలి. ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ ఉన్న బోర్డయితే వరస ఇలా ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి థ్రాటిల్ పూర్తిగా పైకి లేపి, బ్యాటరీ తగిలించాలి. బోర్డు మీది రంగు దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. థ్రాటిల్ అలాగే ఉంచి బ్యాటరీ తీసి మళ్లీ తగిలించాలి. భద్రతా మీట ఉంటే నొక్కాలి. ఇప్పుడు బోర్డు మధ్యవర్తిత్వం మానేసి మన స్టిక్ మాటను నేరుగా నలుగురికీ చెబుతుంది. ఈఎస్‌సీలు చిన్న రాగం పాడతాయి. బ్యాటరీలో ఎన్ని సెల్‌లు ఉంటే అన్ని బీప్‌లు, తర్వాత ఇంకో రెండు బీప్‌లు వస్తాయి. ఆ రెండు బీప్‌లకు 'నూరు ఎక్కడుందో తెలిసింది' అని అర్థం. అప్పుడు థ్రాటిల్ పూర్తిగా దించాలి. ఒక పొడుగు మోత వస్తే సున్నా కూడా తెలిసినట్టే. స్టిక్ కొద్దిగా లేపి మోటార్లు తిరుగుతున్నాయో లేదో చూసి, దించి, బ్యాటరీ తీసేయాలి. ఈఎస్‌సీ రకాన్ని బట్టి మోతలు మారతాయి. కొన్నింటికి తయారీదారే సున్నా, నూరు స్థిరంగా పెట్టి ఉంటాడు, వాటికి ఈ పని చేయకూడదు. కాబట్టి ముందు దానితో వచ్చిన కాగితం చదవాలి.

పని సరిగ్గా అయిందని ఎలా తెలుస్తుంది? ఇక్కడ చాలామంది తికమకపడే చోటు ఒకటుంది. ప్రొపెల్లర్లు లేకుండా, బల్ల మీద, మామూలు ఫ్లయింగ్ మోడ్‌లో మోటార్లు తిప్పి చూస్తారు. కాసేపటికి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిరగడం మొదలవుతుంది. కాలిబ్రేషన్ పోయిందని మళ్లీ మొదటి నుంచి చేస్తారు. నిజానికి బల్ల కొంచెం వాలుగా ఉంటుంది. బోర్డు దాన్ని దిద్దాలని చూస్తుంది, ప్రొపెల్లర్లు లేవు గనక ఎంత దిద్దినా డ్రోన్ కదలదు, అది ఇంకా గట్టిగా దిద్దుతుంది. అది దోషం కాదు. సరిచూడాలంటే మిషన్ ప్లానర్, బీటాఫ్లైట్ వంటి వాటిలో మోటార్ టెస్ట్ అనే విభాగం ఉంటుంది. అందులో తక్కువ వేగంతో మొదలుపెట్టి ఒక్కో మోటారూ ఎన్ని శాతం దగ్గర తిరగడం మొదలైందో కాగితం మీద రాసుకోండి. నాలుగు అంకెలూ ఒకటేనా కాదా, అదే పరీక్ష.

అంకెలు కలవకపోతే అన్నిటికీ కాలిబ్రేషనే మందు అనుకోవద్దు. బేరింగ్ అరిగి ఉండవచ్చు, టంకం సరిగా పట్టకపోయి ఉండవచ్చు. మోటారు ఎదురు దిశలో తిరిగితే మూడు తీగల్లో ఏ రెండింటినైనా అటుదిటు, ఇటుదటు మారిస్తే చాలు.

కొత్త రకం ఈఎస్‌సీలకు ఈ పనే అక్కర్లేదు. డీషాట్ అనే పద్ధతిలో బోర్డు పల్స్ పొడవుతో సైగ చేయదు, అంకెనే పంపుతుంది. ఒక్కో సందేశం 16 బిట్లు. వేగానికి 11, సమాచారం అడగడానికి 1, సందేశం చెడలేదని సరిచూసుకోవడానికి 4. ఎవరి గడియారం ఎలా నడిచినా 1000 అనే అంకె 1000గానే చేరుతుంది. మరి పాత పద్ధతి పిల్లలకు ఎందుకు నేర్పాలి అని అడగవచ్చు. నేర్పాలనే నేనంటాను. చెప్పేవాడికీ వినేవాడికీ సున్నా ఒకటేనా అన్న ప్రశ్న అడగడం ఈ పావుగంట పనిలో అలవాటవుతుంది. నా ఉద్యోగంలో ఏ యంత్రం ముందు నిలబడ్డా నేను మొదట అడిగింది ఆ ప్రశ్నే.

ఇది దూరపు సంగతి కూడా కాదు. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని కేంద్రం 2023 నవంబరులో ఆమోదించింది. మందు కొట్టే డ్రోన్లు పల్లెల్లోకి వస్తున్నాయి. అవి మూలపడినప్పుడు బాగుచేసే చేతులు కూడా ఇక్కడే తయారవ్వాలి.

అందుకని సంఘానికి నా మనవి నాలుగు మాటలు. ఎగరడానికి సిద్ధంగా ఉన్న బొమ్మను కొనవద్దు, విప్పి బిగించుకునే విడిభాగాలు కొనండి. ప్రొపెల్లర్ల పెట్టెకు తాళం వేసి, ఆ తాళంచెవి సైన్సు మాస్టారి దగ్గర ఉంచండి. మోటార్ టెస్టులో నాలుగు అంకెలూ కలిసిన కాగితం చూపించాకే పెట్టె తీయాలి. బ్యాటరీ ఛార్జి అవుతున్నంతసేపూ పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి, ఎందుకంటే ఆ బ్యాటరీ చెడితే మంట ఆర్పడం కష్టం. ఎగరేసే ముందు 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం మన బడి ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవాలి.

నెలకో ఆదివారం వచ్చి పిల్లలతో కూర్చోవడానికి నేను సిద్ధం. టంకం పెట్టడం తెలిసినవాళ్లు మన బ్యాచ్‌ల్లో ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లు కూడా పేర్లివ్వాలని కోరుతున్నాను.