అరుగు లేని ప్రకటన

సోషల్ మీడియాలో ఉద్యోగ ప్రకటన పెట్టే రిక్రూటర్ పాటించాల్సిన మొదటి మర్యాద తన పేరు దాచుకోకపోవడం. నర్సాపురం, పాలకొల్లు, అమలాపురం ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు మనుషులను పంపిన ఏజెంటు మంచివాడైనా కాకపోయినా, అతని ఇల్లెక్కడో ఊరికి తెలిసేది. కువైట్‌లో జీతం ఇవ్వడం లేదని ఫోనొస్తే ఇంటివాళ్లు వెళ్లి ఆ అరుగు మీద కూర్చుని నిలదీసేవారు. వాట్సాప్ గ్రూపులో తిరిగే ప్రకటనకు అరుగు ఉండదు.

‘అర్జెంట్. డేటా ఎంట్రీ. డిగ్రీ పాసైతే చాలు. మంచి జీతం. వెంటనే కాల్ చెయ్యండి.’ కింద ఒక ఫోను నంబరు. కంపెనీ పేరుండదు, పని ఏ ఊళ్లోనో ఉండదు, జీతం ఎంతో ఉండదు. ‘ఎవరికైనా పనికొస్తుందేమో’ అంటూ ఒక స్నేహితుడు దాన్ని ఫార్వర్డ్ చేస్తాడు. ముక్కూ మొహం తెలియనివాడి మాటకు ఆ క్షణం నుంచి స్నేహితుడి పరువు పూచీ. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కాంబోడియా వ్యవహారం ఇలాంటి డేటా ఎంట్రీ ఆశతోనే మొదలైంది. తీసుకెళ్లిన యువకులతో అక్కడ సైబర్ మోసాలు చేయించారు.

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అభ్యర్థి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. పదో తరగతి పాసవనివాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. పట్టా చేతికొచ్చినవాళ్లకు ఆ తనిఖీ లేదు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డలు తాను చూసుకుంటాడని ప్రభుత్వం ధీమా. విశాఖ కుర్రాళ్ల అనుభవం తర్వాత ఆ ధీమా కాస్త అతిగానే కనిపిస్తుంది. అందుకే రిజిస్ట్రేషన్ నంబరు, కంపెనీ పేరు, జీతం, పనిచేసే చోటు ప్రకటనలోనే ఉండాలి. ‘వివరాలు ఫోనులో’ అనడం మర్యాద కాదు.

రెజ్యూమె దగ్గర మరో చిక్కుంది. ఇంటర్వ్యూకు ముందే ఆధార్, పాన్ ఫొటోలు పంపమనడం చాలామందికి అలవాటైపోయింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశం ప్రకారం, ఏ పని కోసం సమాచారం తీసుకున్నారో ఆ పనికే వాడాలి. ఒక కంపెనీ కోసం వచ్చిన రెజ్యూమెను అడక్కుండా ఇంకో ఏజెన్సీ గ్రూపులో పడెయ్యడం ఈ వృత్తిలో రోజూ జరిగే తప్పు. అభ్యర్థి ఫేస్‌బుక్‌లోకి వెళ్లి ఇంటిపేరు, ఊరు, పెళ్లి ఫొటోలు చూసి కులం కనిపెట్టే ప్రయత్నం ఇంకా చిన్నతనం. పెళ్లిళ్ల పేరయ్య చేసే పని రిక్రూటర్‌కెందుకు?

లింక్డ్‌ఇన్‌లో ఒకరి పోస్టు కింద అందరికీ కనిపించేలా ‘మీ రెజ్యూమె చూశాం, ఎప్పుడు చేరగలరు?’ అని రాస్తే, దాన్ని ముందు చదివేది అతని ప్రస్తుత మేనేజరే కావచ్చు. అలాంటివి విడిగా, ఆఫీసు వేళల్లో అడగాలి. రాత్రి పదకొండింటికి ఒక అమ్మాయికి ‘ఇంకో ఫొటో పంపండి’ అని మెసేజ్ పెట్టేవాడిని రిక్రూటర్ అనలేం.

ఎంపిక కానివారికి ఆ మాట చెప్పడం రెండు వాక్యాల పని. అది చెప్పకపోవడం వల్ల భీమవరంలో ఒక తండ్రి రోజూ సాయంత్రం ‘ఏమన్నా వచ్చిందా?’ అని అడుగుతూనే ఉంటాడు, కొడుకు ఫోను వంక చూస్తూనే ఉంటాడు.

ప్రకటనకు తేదీ కూడా ముఖ్యం. ఖాళీ భర్తీ అయ్యాక రిక్రూటర్ పోస్టు తీసేసినా, ఫార్వర్డ్ అయిన కాపీలు తిరుగుతూనే ఉంటాయి. తేదీ లేని అలాంటి ప్రకటన నమ్మి రావులపాలెంలో రాత్రి బస్సెక్కినవాడికి తెల్లారి హైదరాబాద్‌లో ఎదురయ్యేది వాచ్‌మన్ ఒక్కడే. ‘ఆ ఆఫీసు ఖాళీ చేసి ఏడాదైంది’ అని అతను గేటు దగ్గర నుంచే చెబుతాడు.