పాటల్లేని హత్య కథ: 'అంద నాళ్'

అల్ ఖోర్ నుంచి మళ్ళీ మనం. ఈసారి బ్లాక్ అండ్ వైట్ మర్డర్ మిస్టరీ. తమిళ సినిమా, పేరు 'అంద నాళ్', అంటే 'ఆ రోజు'. 1954 ఏప్రిల్లో వచ్చింది, ఏవీఎం వాళ్ళది. తమిళమైతే మనకెందుకు అనకండి. అప్పట్లో మన సినిమాలూ మద్రాసు స్టూడియోల్లోనే తయారయ్యేవి. మన 'జీవితం' తీసింది కూడా ఈ ఏవీఎం వాళ్ళే. ముందే చెప్తున్నా, హంతకులెవరో చెప్పేస్తాను. చూడనివాళ్ళు ఇక్కడే ఆపేసి, చూసి రండి.

దర్శకుడు ఎస్. బాలచందర్. అవునండీ, వీణ బాలచందరే! అంతటి సంగీత విద్వాంసుడు తీసిన సినిమాలో ఒక్క పాట లేదు. డాన్సు లేదు, ఫైటు లేదు. 1954లో ఆ ధైర్యం ఊహించండి. పాట ఎప్పుడొస్తుందా అని కూర్చున్న జనానికి ఇది మింగుడుపడలేదు, డబ్బులూ అంతంతమాత్రమే. పేరు మాత్రం తర్వాత తర్వాత పెరిగింది.

సినిమా మొదలవడమే తుపాకీ పేలుతుంది, శివాజీ గణేశన్ కూలిపోతాడు. 'పరాశక్తి' వచ్చి రెండేళ్ళు కాలేదు, అలాంటి హీరోని మొదట్లోనే శవాన్ని చేసేశారు. కథాకాలం 1943 అక్టోబర్, మద్రాసు మీద జపాన్ బాంబులు పడ్డ సమయం. మన విశాఖ, కాకినాడల మీద 1942 ఏప్రిల్ 6నే పడ్డాయి కదా, ఆ భయం కోస్తా వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

చనిపోయినవాడు రాజన్, రేడియో ఇంజనీరు. సీఐడీ ఆఫీసర్‌గా జావర్ సీతారామన్ వచ్చి ఒక్కొక్కర్నీ అడుగుతాడు: పక్కింటాయన, తమ్ముడు, మరదలు, రాజన్ ఉంచుకున్న ఆవిడ, భార్య ఉష. ఒక్కొక్కరిదీ ఒక్కో అనుమానం. ఎవరు చెప్తుంటే వాళ్ళ కథలో తుపాకీ ఇంకొకరి చేతిలో కనిపిస్తుంది. మారుతీరావు కెమెరా మొహాల్ని సగం చీకట్లో పెడుతుంది, అందరూ దోషుల్లాగే ఉంటారు. కురొసావా 'రషోమాన్' ప్రభావమిది. కాకపోతే అక్కడ నిజం చివరిదాకా తేలదు, ఇక్కడ తేలుతుంది.

తుపాకీ ఉష చేతిలో పేలింది. పండరీబాయి ఆ పాత్ర చేసింది, మనకి అమ్మ వేషాల్లో తెలిసినావిడ. భర్త జపాన్‌కి గూఢచారి అని ఆవిడకి తెలిసిపోయింది.

నన్ను పట్టుకున్నది ఎవరు చంపారన్నది కాదు, రాజన్ అలా ఎందుకయ్యాడన్నది. అందరికీ అందే ధరలో రేడియోలు చేస్తానన్నాడు, సర్కారు కాదంది. ఆ కసితో జపాన్ పోయాడు. అక్కడి నుంచి దేశద్రోహం. ఈ మలుపే నాకు నచ్చలేదు. చదువుకున్నవాడికి సొంతూళ్ళో దారి దొరక్కపోతే బయటికి పోతాడు, సరే. పోయినవాడు దేశాన్ని అమ్మేసుకుంటాడా? రాస్ లఫాన్ షిఫ్టు బస్సులో ఇది వింటున్నవాళ్ళు ఒప్పుకుంటారా? శివాజీ కళ్ళల్లో ఆ అవమానం నిజంగా కనిపిస్తుంది. దాన్ని ఇంకో పది నిమిషాలు చూపించి ఉంటే ఆ ద్రోహం నమ్మేవాణ్ణి. సినిమాకి ఉష గెలవడం కావాలి, అందుకే రాజన్ వాదన తొందరగా తేల్చేసింది.

అయినా ఆఖరి సీన్లలో ఆ ఇద్దరి మాటలూ వదలకుండా చూడండి. ఆమె కోపంలో ప్రేమ చావలేదు. పండరీబాయిని అమ్మగా మాత్రమే చూసినవాళ్ళు ఆశ్చర్యపోతారు.

చూశాక రాజన్ పక్షమో, ఉష పక్షమో వాయిస్ నోట్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్లో వినిపిస్తాను. ఉంటానండీ.