కుటుంబము – ఆరుబయలి వ్యాయామము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయము బుద్ధికి వ్యాయామశాల యని చెప్పుట పరిపాటి. ఆ మాట నిజమే. అయినను బుద్ధికి నివాసము శరీరము. ఇల్లు కురియుచుండగా లోని దీపమెంతసేపు వెలుగును? కుమారసంభవమున వటువేషముతో తపోవనమునకు వచ్చిన శివుడు పార్వతి నడిగిన కుశలప్రశ్నలలో, ఆమె తన దేహశక్తికి తగినట్లుగా తపస్సు చేయుచున్నదా యనునది యొకటి. తపస్సునకే దేహము నరయవలసియుండగా సంసారమునకు వేరుగ చెప్పనేల?

నేటి విషయము కుటుంబమంతయు కలసి ఆరుబయట చేయు వ్యాయామము. ఒక్కడు చేయు కసరత్తు ఆ యొక్కనితోనే ఆగిపోవును. పల్లెలలో సాధారణముగ జరుగునది చూడుడు. బాలుడు చెడుగుడు ఆడును, చెరువున ఈదును, కాలువగట్టున పరుగిడును. బాలిక తొక్కుడుబిళ్ళ యాడును. పదిపన్నెండేండ్లు వచ్చుసరికి “ఆడపిల్లకు పరుగులేమి?” యని ఆమెను లోనికి పిలుతురు. బాలుని ఆట చదువుతోనో, ఉద్యోగముతోనో, పెండ్లితోనో ముగియును. ముప్పదియేండ్లు నిండునప్పటికి ఆ యింట పరుగెత్తగలవారు చంటిపిల్లలు దప్ప మరెవ్వరు నుండరు. ఈ నష్టము ఏ పద్దులోను వ్రాయబడదు. వైద్యునకిచ్చు రుసుములో మాత్రము కానవచ్చును.

ఇందుకు భిన్నముగ బ్రతికిన యొక దంపతుల కథ వినదగినది. వారు ఎమిల్ జాటొపెక్, డానా జాటొప్కోవా. నాటి చెకొస్లొవేకియా దేశస్థులు. ఇద్దరును 1922 సెప్టెంబరు 19వ తేదీననే జన్మించిరి. మన జ్యోతిష్కులు వారి జాతకములను పొంతన చూచియుండిన యెడల ఏమనియుందురో గాని, పొంతన మాత్రము చక్కగ కుదిరినది.

ఎమిల్ సామాన్య కుటుంబమున పుట్టి, చిన్నతనముననే జ్లీన్ పట్టణమున బాటా చెప్పుల కర్మాగారమున పనికి చేరెను. 1941లో కర్మాగారమువారు నడపిన పందెమునకు ఆయనను బలవంతముగ పంపిరి. తాను బలహీనుడనని చెప్పినను వైద్యుడు ఒప్పుకొనలేదు. పరుగెత్తక తప్పలేదు, రెండవవాడుగ వచ్చెను. పిమ్మట పరుగును వదలలేదు. సైన్యమున చేరిన తరువాత బరువైన బూట్లతో, మంచులో సైతము సాధన చేసెను. డానా ఈటె విసరుటయందు నేర్పరి. 1948లో లండను ఒలింపిక్ క్రీడలకు ఇద్దరును వెళ్ళిరి. ఎమిల్ 10,000 మీటర్లలో స్వర్ణపతకమును, 5,000 మీటర్లలో రజతపతకమును పొందెను. డానా ఏడవస్థానమున నిలిచెను. ఆ యేడు అక్టోబరు 24న వారికి వివాహమైనది.

పెండ్లితో ఆట ముగియుట లోకరీతి గదా! వీరియింట పెండ్లితో ఆట పెరిగినది. 1952 జూలై 24న హెల్సింకి నగరమున ఎమిల్ 5,000 మీటర్ల పరుగున, కడపటి చుట్టులో ముందున్నవారిని దాటి స్వర్ణము గెలిచెను. డానా ఆ పతకమును అడిగి తీసికొని, శుభముగ తన సంచిలో నుంచుకొని ఈటె విసరుటకు వెళ్ళెను. మొదటి విసరుననే ఈటె 50.47 మీటర్ల దూరమున పడినది. ఒక్కదినమున ఒకేయింటికి రెండు స్వర్ణములు! నా గెలుపే నీకు ఉత్సాహమిచ్చినదని ఎమిల్ పరిహాసమాడగా, అట్లయిన మరియొక పడుచునకు ఉత్సాహమిచ్చి, ఆమె యేబది మీటర్లు విసరునేమో చూడుమని డానా బదులు చెప్పెను. గెలుపు ఎవరిదో వారిదే. సంతోషము మాత్రము ఉమ్మడిది. ఆ క్రీడలలోనే ఎమిల్ 10,000 మీటర్లను, జూలై 27న మారథానును గూడ గెలిచెను. మారథాను అనగా 26 మైళ్ళకు పైబడిన దూరము, మూడామడలకు మించినది. అంతకుముందు ఆయన ఆ పందెమున ఎన్నడును పరుగెత్తలేదు. ఆ మూడింటిని ఒకే ఒలింపిక్సున గెలిచినవాడు ఆయన దప్ప నేటివరకు మరియొకడు లేడు.

తరువాత ఎమిల్ పందెములనుండి విరమించెను. డానా విరమింపలేదు. 1958లో 55.73 మీటర్లు విసరి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. 1960లో రోము నగరమున, ముప్పదియేడేండ్ల వయస్సున, రజతపతకమును గెలిచెను. భర్త ఆగినంతమాత్రమున భార్య ఆగవలెనను నియమము ఆ యింట లేదు.

కష్టకాలమును వచ్చినది. 1968లో ఆ దేశమున స్వేచ్ఛకై సాగిన ఉద్యమమును ఎమిల్ సమర్థించెను. పరదేశసేనలు ప్రవేశించి దానిని అణచిన పిమ్మట, ఆయనను పార్టీనుండియు సైన్యమునుండియు తొలగించిరి. పేరుప్రతిష్ఠలు గల ఆ మనుజుడు ఇంటికి దూరముగ శారీరకశ్రమ చేసి పొట్టపోసికొనవలసివచ్చెను. పదవి పోయినది గాని దాంపత్యము చెడలేదు. 2000 సంవత్సరమున ఎమిల్ మరణించువరకు, ఏబదిరెండేండ్లు వారు కలసి బ్రతికిరి. డానా 2020లో కన్నుమూసెను. ఇరువురును తడవతడవకు పొందిన పతకములకంటె ఈ యేబదిరెండేండ్లు గొప్పవి.

వారికి సంతానము లేదు. పిల్లలుగల యింటి మాట యేమందురా? ఇథియోపియా దేశమున బెకోజీ యను మెట్టపట్టణపు ప్రాంతమునుండి వచ్చిన దిబాబా యక్కచెల్లెండ్రను చూడుడు. ఎజెగాయెహు 2004లో రజతమును, తిరునేష్ 2008లో రెండు, 2012లో ఒక స్వర్ణమును, గెంజెబే 2016లో రజతమును ఒలింపిక్ పరుగులలో పొందిరి. వారి బంధువైన దెరార్తు తులు 1992, 2000 సంవత్సరములలో స్వర్ణములు గెలిచియుండెను. అక్క పరుగెత్తిన దారిని చెల్లెలు పరుగెత్తినది. ఇంట ఒక్క ఆడపిల్ల పరుగునకు దారి విడిచిన, వెనుకవారికి ఆ దారి తెరచియే యుండును.

పొలమున పాటుపడువారికి వేరే వ్యాయామమెందులకని కొందరడుగుదురు. ప్రశ్న సమంజసమే. దినమంతయు నాట్లువేసి వచ్చిన స్త్రీకి కావలసినది పరుగు కాదు, విశ్రాంతి. కాని నాగలివెంట నడచిన రైతు నేడు ట్రాక్టరుపై కూర్చుండుచున్నాడు. పొలమునకు మోటారుసైకిలుపై పోవుచున్నాడు. పిల్లలు బస్సున బడికేగి, ఇంటికి వచ్చి సెల్‌ఫోను ముందు కూర్చుండుచున్నారు. నడక తగ్గినను తిండి తగ్గలేదు. జమ పెరిగి ఖర్చు తరిగిన ఆ నిలువ, ధనమైనచో మేలే. దేహమున మాత్రము రోగమగును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినదానినిబట్టి పెద్దలకు వారమునకు కనీసము 150 నిముషముల ఓ మోస్తరు శ్రమ, అయిదు మొదలు పదునేడేండ్ల పిల్లలకు దినమునకు సగటున 60 నిముషముల శ్రమ కావలెను. పెద్దలకు దినమునకు ఇరువదిరెండు నిముషములు చాలును. దినమునకు 1,440 నిముషములు గలవు. ఇంతటి రాబడిలో ఆ పాటి చెల్లింపలేని బీదయెవ్వడు?

అయితే ఒక చిక్కు గలదు. ఉదయమున ఆ యిరువదిరెండు నిముషములు ఇంటి యిల్లాలికి దొరకవు. పొయ్యి, పాలు, అంట్లు అన్నియు ఆమెపై నుంచి, నీవును నడకకు రమ్మనుట పిలుపు కాదు, పరిహాసము. ఎమిల్ ఇంటి బట్టలను తొట్టిలోవేసి, వానిపై నిలుచుండి పరుగుపెట్టుచు ఉతికెనని యొక కథ ప్రసిద్ధముగ నున్నది. అదియే మేలైన పద్ధతి: పని పంచుకొనినచో తీరికయు పంచుకొనవచ్చును.

ఇక వయస్సులు వేరైనవారు కలసి పరుగెత్తుట యెట్లు? దీనికిని ఎమిల్ సాధనలోనే ఉపాయమున్నది. కొంతదూరము వేగముగ పరుగెత్తుట, కొంత మెల్లగ పోవుట, మరల వేగము; ఇది ఆయన పద్ధతి. కాలువగట్టున పెద్దలు తమ నడకను తాము నడువవలెను. పిల్లలు ముందుచెట్టువరకు పరుగెత్తి, మరల వెనుకకు వచ్చి వారిని కలిసికొనవలెను. పిల్లలకు పరుగు దక్కును, అవ్వకు తోడు దక్కును. పాండవులు గంధమాదనమునకు పోవునపుడు ద్రౌపది అలసి పడిపోగా, ఆమెను వదలి ఒక్కరైనను ముందునకు పోలేదు. ఘటోత్కచుని రప్పించి ఆమెను మోయించిరి. కుటుంబముతో పోవువారికి అదియే నీతి. ముందుపోయినవాడు వెనుకకు రావలెను.

వేసవిలో ఎండ రాకమునుపే బయలుదేరవలెను. భోజనము చేసిన వెంటనే పరుగు కూడదు. మొదట నడక, కొన్ని వారములకు పిమ్మట పరుగు. గుండెజబ్బు, ఆయాసము గలవారు వైద్యుని అడిగిన పిదపనే ప్రారంభింపవలెను. ఆదివారమున ఈతయో, చెడుగుడో, దగ్గరి గుట్ట నెక్కుటయో పెట్టుకొనిన పిల్లలకు విసుగు పుట్టదు. ఇందుకు చందా అక్కరలేదు, భవనము అక్కరలేదు.

ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయము చదువును ఇంటింటికి చేర్చినది. పుస్తకము ఇల్లు చేరిన తరువాత దానిని ఒక్కరు చదివి మూసివేయక, ఇంటివారందరు చదివినపుడే దానికి సార్థక్యము. వ్యాయామమును అట్టిదే. రేపటి ఉదయమున కొడుకును పిలుచునపుడు కూతురును గూడ పిలువుడు. తల్లిని గూడ పిలువుడు. శుభమగుగాక!