ప్రకాశం పంతులుగారు - 1802 నాటి కాగితములు
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



న్యాయవాద వృత్తినుండి శాసనసభకు వచ్చిన యొక మహనీయుని గూర్చి ప్రసంగింపుమని కార్యనిర్వాహకులు కోరిరి. టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు వినగానే, 1928లో సైమను కమిషను బహిష్కారమునాడు మదరాసు వీధిలో తుపాకుల యెదుట ఆయన ఱొమ్ము చూపిన ఘట్టమును చెప్పెదనని తలంచియుందురు. ఆ కథ మన బాలురకు సైతము కంఠస్థము. నేను మాత్రము ఆయన కాగితముల యెదుట కూర్చుండి చేసిన పనిని గూర్చి చెప్పదలచితిని. గ్రామ లెక్కలతో కాలము గడపినవానికి అదియు తక్కువ సాహసముగ తోచదు.

పంతులుగారు 1872లో ఒంగోలు ప్రాంతమున వినోదరాయునిపాలెమున జన్మించిరి. చిన్ననాడే తండ్రి గతింపగా తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లు పెట్టి బిడ్డలను పెంచెను. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయులు ఈ బాలుని చేరదీసి రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయి చదివించిరి. అచ్చటనే ఆయన ప్లీడరై, పురపాలక సంఘాధ్యక్షులై, ధనము గడించిరి. రెండవ తరగతి ప్లీడరునకు హైకోర్టులో వాదించు హక్కు లేదు. అందుచే 1904లో సీమకు పోయి, బారిష్టరై, 1907లో తిరిగివచ్చి మదరాసున ప్రవేశించిరి. అచ్చట వచ్చిన రాబడి సామాన్యము కాదు. 1921లో దానిని విడిచి ‘స్వరాజ్య’ పత్రిక స్థాపించిరి. గడించినదంతయు ఆ పత్రిక మ్రింగినది. జమాఖర్చుల దృష్టితో చూచినచో ఈ భాగము నాకు రుచింపదు. హద్దెరుగని చేయి ఆయనది. అయినను ఆ ఖర్చు సొంత సుఖమునకు కాదనుట లోకమెరుగును.

1937లో రాజాజీగారి మంత్రివర్గమున పంతులుగారు రెవిన్యూ మంత్రులైరి. జమీందారీ రైతుల స్థితిని విచారించుటకు ఉభయ సభల సభ్యులతో నొక కమిటీ ఏర్పడగా దానికి ఆయనయే అధ్యక్షులు. కోర్టులు వదలిన పదునారేండ్లకు ఆ బారిష్టరుకు తగిన వ్యాజ్యము దొరకినది. కక్షిదారులు లక్షలాది రైతులు, ఫీజు లేదు.

తగవు పూర్వాపరములు యువకులకు తెలియకపోవచ్చును. 1802లో కంపెనీవారు శాశ్వత బందోబస్తు చేసి జమీందారు చెల్లింపవలసిన పేష్కషును నిర్ణయించిరి. అది ఆనాటినుండి కదలలేదు. రైతు జమీందారుకు ఇచ్చు శిస్తు మాత్రము తరతరమునకు పెరుగుచు వచ్చినది. ఈ పెరిగిన సొమ్ము ఎవరిది? ఏ హక్కుచే పెరిగినది? 1802 నాటి 25వ రెగ్యులేషను తమను భూస్వాములనినది గనుక భూమి తమదని జమీందారుల వాదము.

పంతులుగారు ఆ 25వ రెగ్యులేషనును ఒంటిగ చదువలేదు. దానితోపాటు పుట్టిన 30వ దానిని ప్రక్కన పెట్టి చదివిరి. అది పట్టాలకు సంబంధించినది. రైతునకు పట్టా ఇచ్చి ముచ్చిలిక పుచ్చుకొనవలెననియు, రేటును గూర్చి వివాదము వచ్చినచో శాశ్వత జమా నిర్ణయించుటకు ముందటి సంవత్సరమున నడచిన రేటును చూడవలెననియు అందు గలదు. అనగా సర్కారునకు జమీందారు ఇయ్యవలసినది ఎట్లు స్థిరమో, జమీందారునకు రైతు ఇయ్యవలసినదియు అట్లే స్థిరమని పంతులుగారి నిర్ణయము. భూమి రైతుది, జమీందారునిది శిస్తు వసూలుచేయు హక్కు మాత్రమే.

ఈ రెంటి నడుమ 29వ రెగ్యులేషను కరణములను గూర్చినది. జమీందారీ గ్రామములలో కరణము నిజమైన లెక్కలుంచవలెననియు, తగవు వచ్చినప్పుడు అవి న్యాయస్థానమునకు ఉపకరింపవలెననియు దాని యుద్దేశము. కాని కరణమును నియమించువాడు జమీందారు. ఆయన దయపై బ్రతుకువాని కలము ఏ వైపునకు వాలునో చెప్పనక్కరలేదు. రైతుల యిండ్లలో పట్టాలు లేకపోవుటకు మా వృత్తివారు కొంత జవాబుదారులే.

కమిటీ జమీందారీ ప్రాంతములు తిరిగి, సాక్ష్యములు పుచ్చుకొని, 1938లో పెద్ద నివేదికను సమర్పించినది. సభ్యులందరు ఏకాభిప్రాయులు కారు. జమీందారుల పక్షమున గొప్ప అలజడి లేచినది. నూట ముప్పదియైదేండ్ల వెనుకటి రేట్లకు శిస్తులను మరలించుట ఎట్లు సాధ్యమని అడిగినవారి ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఇన్నేండ్లలో క్రయవిక్రయములు, అప్పులు, దానములు ఎన్ని జరిగెనో! 1939 జనవరిలో శాసనసభ నివేదిక ననుసరించి చట్టము తేవలెనని తీర్మానించినది. ఆ యేడు అక్టోబరులో యుద్ధ కారణమున మంత్రివర్గము రాజీనామా చేయగా చట్టము రాలేదు.

1946 ఏప్రిలులో పంతులుగారు మదరాసు ముఖ్యమంత్రులైరి. ఏడాది నిండకమునుపే, 1947 మార్చిలో, స్వపక్షీయులే దింపిరి. శిస్తుల తగ్గింపు చట్టము 1947లోను, ఎస్టేటుల రద్దు చట్టము 1948లోను వేరొక మంత్రివర్గము కాలమున వచ్చినవి. ఈ రెండవదానిలో జమీందారులకు నష్టపరిహారము గలదు. అది పంతులుగారి నివేదిక కోరిన మార్గము కాదు. అయినను రైతు పేర పట్టా పుట్టినది. విత్తినవాడొకడు, కోసినవాడొకడు.

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు ఆయన తొలి ముఖ్యమంత్రి. ఆ యధికారము 1954 నవంబరులో ఒక్క వోటు తేడాతో పోయినది. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూసిరి. మదరాసులో అంత గడించిన బారిష్టరు చేత చిల్లిగవ్వ లేకుండ పోయిరి.

ఆయన స్వీయచరిత్ర ‘నా జీవితయాత్ర’ను చదువనివారు చదువుదురు గాక. ఇక సభవారికి నాదొక విన్నపము. మీ యిండ్లలో భోషాణముల అడుగున పాత పట్టాలు, ముచ్చిలికలు, శిస్తు రసీదులు, తాటాకు కవిలెలు ఉన్నచో గ్రంథాలయమునకు తెండు. చెదలు తినకమునుపు తెండు. చదువరాని వ్రాత ఉన్నచో ఆదివారము సాయంకాలములయందు నేను చదివిపెట్టెదను.