కొల్లేటి లెక్కలో నీటి పద్దు



పర్యావరణ ఆర్థికవేత్త కోస్టాంజా బృందం 1997లో ప్రకృతి సేవలకు ఏడాదికి 33 లక్షల కోట్ల డాలర్లని సగటు వెల కట్టింది. ఆ తరువాత ఆ సేవల విలువ మీద పవన్ సుఖ్‌దేవ్ నివేదికలు వచ్చాయి, 2021లో వాటికి ఐక్యరాజ్యసమితి పద్దుల విధానం వచ్చింది. ఆ చరిత్ర మీకు కొత్త కాదు. ఏలూరులో నిలబడి నేను కొల్లేటి సరస్సు మాటే మాట్లాడతాను.

మనలో కొందరు ఏదో దేశపు చిత్తడి నేలకు కట్టిన హెక్టారు ధర తెచ్చి, 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించిన 308 చదరపు కిలోమీటర్లతో హెచ్చవేసి, కొల్లేటి విలువ తేలిపోయిందంటారు. ఇంకొందరు ఆటపాకలో పెలికాన్లను చూడవచ్చినవాళ్ళను 'ఎంత ఇస్తారు' అని అడిగి వ్యాసం రాస్తారు. వారితో నా పేచీ ఇవాళ్టిది కాదు. పడవ టిక్కెట్టు పద్దుకెక్కి, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదను పట్టి ఉంచే చాకిరీ పద్దుకెక్కకపోతే దాన్ని లెక్క అనడానికి నాకు మనసొప్పదు.

నేను చదువుకునే రోజుల్లో కొల్లేరంటే చేపల దిగుబడి పట్టిక, అంతే. కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వెళ్ళే దారిలో ఒక కాలువల లస్కరు, 'నీరు ఎంతొచ్చిందని కాదండీ, ఎన్నాళ్ళు కూర్చుందో అడగండి' అన్నాడు. నా పరిశోధనంతా ఆ మాట మీదే నడిచింది. సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. దాని గొంతు పూడితే, గుర్రపు డెక్క అడ్డం పడితే, అదే హెక్టారు మేలు చేయడం మాని కీడు చేస్తుంది. చేపల చెరువుకు గట్టు వేసిన ఎకరం కౌలు ఒకరికి ముడుతుంది. ఆ ఎకరంలో నిలవాల్సిన నీరు మరొకరి వరిచేలోకి, లంక గ్రామంలోకి ఎక్కుతుంది. హెక్టారు సగటులో ఈ ఇద్దరూ కనబడరు.

గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2008లో అడవికి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల దాకా ధర ఖరారు చేసింది. ఆ ధర అడవి రకాన్నీ సాంద్రతనూ బట్టి మారుతుంది. నీరు కూర్చున్న రోజులను బట్టి మారదు. కొల్లేటితో పాటు 2002లోనే రామ్‌సర్ జాబితాకెక్కిన తూర్పు కలకత్తా చిత్తడి నేలల్లో ధ్రువజ్యోతి ఘోష్ ముందు నీరు చేసే పనిని అర్థం చేసుకున్నారు. మనం ధర దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాం.

మన కళ్ళముందే 2005-06లో ఆపరేషన్ కొల్లేరు జరిగింది. చేపల చెరువుల గట్లు తెగాయి. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానిస్తే, అజీజ్ కమిటీ తరువాత వద్దంది. వాదనంతా ఎకరాల మీదే సాగింది. గట్లు తెగాక ఏ ఊరికి ముంపు ఎన్ని రోజులు తగ్గింది? చెరువు వాటా పోయిన వడ్డి కుటుంబాలకు మావుల్లో పడిన కొర్రమీను ఎంత పూడ్చింది? ఈ రెండు పద్దులూ పక్కపక్కన పెట్టిన వ్యాసం కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే కదా!

ఈ పద్దులకు ముందు కొలతలు కావాలి. తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి. నుంచి వచ్చిన యువ మిత్రులు కొల్లేటి లోతులు కొలిచే పని తలకెత్తుకోవాలి. డ్రెయినేజీ సెక్షన్లలో, లస్కర్ల దగ్గర ఉన్న పాత నీటిమట్టాల గేజీ పుస్తకాలకు చెద పట్టకముందే మన ఖర్చుతో నకళ్ళు తీయించాలని ప్రతిపాదిస్తున్నాను. మధ్యాహ్నం కార్యవర్గ సమావేశంలో దీన్ని మొదటి అంశంగా చర్చకు తీసుకోండి.